జాతీయ ఫుడ్ సేఫ్టీ విధానం ఎలా రాయాలి: ప్రజల ఆరోగ్యానికీ ఎగుమతులకూ కలిపి ఒకే దారి

"దేశమంతటికీ వర్తించే ఫుడ్ సేఫ్టీ విధానం ముసాయిదా రాయమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?" ప్రభుత్వ శాఖల్లో ఉన్నవాళ్లు అడుగుతున్నారు, ఎగుమతిదారుల సంఘాలు అడుగుతున్నాయి, వినియోగదారుల తరఫున పనిచేసేవాళ్లూ అడుగుతున్నారు. దాని వెంటే ఇంకో ప్రశ్న వస్తుంది: "ముందు ఎగుమతులు చక్కదిద్దుకుని, దేశంలో అమ్మేవాటి సంగతి తర్వాత చూడొచ్చా?"

రెండో ప్రశ్నకు జవాబు ముందే చెప్తాను. అలా చేయకండి. ఓడెక్కే గింజా, ఊళ్లో అమ్మే గింజా ఒకే చేలో పండుతాయి, ఒకే కళ్లంలో ఎండుతాయి, ఒకే నీళ్లు తాగుతాయి. ఎగుమతి సరుకు చుట్టూ మాత్రమే కంచె కడితే పరీక్షలో తప్పిన సరుకంతా కంచె ఇవతలే మిగిలిపోతుంది, దాన్ని మన పిల్లలే తింటారు. పైగా ఆ కంచె ఎక్కువ కాలం నిలవదు కూడా.

నష్టం చిన్నదేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 సంవత్సరానికి వేసిన లెక్కలో కలుషిత ఆహారం వల్ల జబ్బుపడినవాళ్లు 60 కోట్ల మంది, చనిపోయినవాళ్లు 4,20,000 మంది. చనిపోయినవాళ్లలో 1,25,000 మంది ఐదేళ్లలోపు పిల్లలు. తక్కువ, మధ్య ఆదాయ దేశాలు దీనివల్ల ఏటా 11,000 కోట్ల డాలర్లు పోగొట్టుకుంటున్నాయని ప్రపంచ బ్యాంకు 2018లో అంచనా వేసింది. అందులో ఎక్కువ భాగం జనం పని చేయలేకపోవడం వల్ల పోయే సొమ్మే. ఆగిపోయిన ఎగుమతుల నష్టం దీనికి అదనం.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆహారానికి సంబంధించి ఇప్పుడు అమల్లో ఉన్న చట్టాలు, నిబంధనలు, ఉత్తర్వులు అన్నీ. పాతబడినవాటినీ వదలకండి.
- గత మూడేళ్లలో విదేశాలు తిప్పికొట్టిన మీ దేశపు సరుకుల జాబితా. దీనికోసం ఎవరి అనుమతీ అక్కర్లేదు. యూరోపియన్ యూనియన్ హెచ్చరికల వ్యవస్థ రాస్ఫ్‌లోనూ, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తిరస్కరణల నివేదికలోనూ ఎవరైనా చూసుకోవచ్చు.
- ఆసుపత్రుల్లో నమోదైన విరేచనాలు, టైఫాయిడ్, సామూహిక విషాహార ఘటనల వివరాలు. లెక్కలు అసంపూర్తిగా ఉన్నా తీసుకోండి.
- దేశంలో ఉన్న ల్యాబ్‌ల జాబితా. ఏ ల్యాబ్ ఏ పరీక్ష నిజంగా చేయగలదో పక్కనే రాసి ఉండాలి.
- కోడెక్స్ ప్రమాణాలు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1963లో మొదలుపెట్టిన అంతర్జాతీయ ఆహార ప్రమాణాల వ్యవస్థ ఇది. జాతీయ ఆహార నియంత్రణ వ్యవస్థ ఎలా ఉండాలో చెప్పే మార్గదర్శకాలు కూడా అందులోనే ఉన్నాయి, ఉచితంగా దొరుకుతాయి.
- ఆరోగ్యం, వ్యవసాయం, పశుసంవర్ధకం, మత్స్య, వాణిజ్య శాఖల నుంచి నిర్ణయం తీసుకోగల ఒక్కొక్క మనిషి. సమావేశానికోసారి మారిపోయే ప్రతినిధులతో ఈ పని సాగదు.

1. ఇప్పుడు ఏ పని ఎవరు చేస్తున్నారో ఒక్క పేజీలో గీయండి

పాలు, మాంసం, చేపలు, కూరగాయలు, ధాన్యం, ప్యాకెట్ ఆహారం, నీళ్లు, దిగుమతులు, ఎగుమతులు వరసగా ఒక వైపు రాయండి. ప్రమాణం పెట్టేది ఎవరు, తనిఖీ చేసేది ఎవరు, పరీక్షించేది ఎవరు, శిక్షించేది ఎవరు అని రెండో వైపు రాయండి. గడులు నింపుతూ పోతే కొన్ని చోట్ల మూడు శాఖల పేర్లు పడతాయి, కొన్ని గడులు ఖాళీగా మిగులుతాయి. సాధారణంగా ప్రమాదం పొంచి ఉండేది ఆ ఖాళీల్లోనే.

హెచ్చరిక: ఈ పని కాకముందే కొత్త సంస్థ పెట్టాలన్న చర్చలోకి దిగకండి. అన్నీ ఒకే సంస్థ చూసుకోవడం ఒక పద్ధతి. శాఖలు విడివిడిగా ఉంటూ పైన ఒక సమన్వయ సంస్థ ఉండటం ఇంకో పద్ధతి. రెండూ పనిచేసిన దేశాలున్నాయి, రెండూ కుంటుపడిన దేశాలూ ఉన్నాయి. శాఖల మధ్య అధికారాల తగువుతో రెండేళ్లు గడిచిపోయే ప్రమాదం ఉంటే సమన్వయ సంస్థతోనే మొదలుపెట్టండి. అయితే ఒక్క నియమం దగ్గర మాత్రం రాజీ పడొద్దు. పరిశ్రమను పెంచే బాధ్యత ఉన్న శాఖ చేతిలోనే ఆ పరిశ్రమను తనిఖీ చేసే అధికారం ఉండకూడదు.

2. ప్రమాదాలకు వరస పెట్టండి

విధానం మొత్తానికీ పునాది ఈ అడుగే. రెండు నిలువు వరసలు గీయండి. మొదటిదాంట్లో దేశంలో ఎక్కువమందిని జబ్బుపరుస్తున్నవి రాయండి. రెండోదాంట్లో ఎక్కువ సరుకును వెనక్కి తెస్తున్నవి రాయండి. రెండు వరసల్లోనూ కనబడేవాటికి గీత పెట్టండి. అఫ్లాటాక్సిన్ (గింజలకు పట్టే బూజు నుంచి పుట్టే విషం), సాల్మొనెల్లా (విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా), పురుగుమందుల అవశేషాలు, పశువులకూ రొయ్యలకూ వాడే యాంటీబయాటిక్‌ల అవశేషాలు చాలా దేశాల్లో రెండు వైపులా తేలతాయి. మీ మొదటి మూడేళ్ల పనంతా అక్కడే పెట్టండి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, పత్రికల్లో ఎక్కువగా వచ్చేదాన్నే పెద్ద ప్రమాదం అనుకోవడం. రసాయనాల గురించి జనంలో భయం ఎక్కువ, అది అర్థం చేసుకోదగ్గదే. కానీ పైన చెప్పిన 60 కోట్ల మందిలో దాదాపు 55 కోట్ల మంది విరేచనాల జబ్బులతో బాధపడినవాళ్లు. అంటే చాలావరకు సూక్ష్మజీవుల వల్ల. చేతులు, నీళ్లు, చల్లదనం, సరిగా ఉడకడం అనే నాలుగూ విధానంలో ముందు పేజీల్లో ఉండాలి.

ఆసుపత్రి లెక్కలు లేకపోతే? మార్కెట్‌లో ఒక చిన్న సర్వే చేయించండి. పది ముఖ్యమైన ఆహారాలు, ఒక్కోదాంట్లో ఒకటి రెండు ప్రమాదాలు తీసుకుంటే మొదలుపెట్టడానికి సరిపోతుంది. పూర్తి లెక్కలు వచ్చేదాకా ఆగుదామనుకుంటే అవి ఎప్పటికీ రావు.

3. ప్రమాణాలకు కోడెక్స్‌ను ఆధారం చేసుకోండి

1995 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థ ఎస్‌పీఎస్ ఒప్పందం (ఆహార భద్రత, జంతువుల, మొక్కల ఆరోగ్య నియమాలకు సంబంధించినది) కోడెక్స్ ప్రమాణాలను గుర్తిస్తుంది. మీ నియమం కోడెక్స్‌కు సరిపోతే అది ఒప్పందానికి తగినట్టే ఉందని భావిస్తారు. అంతకంటే కఠినంగా పెట్టాలనుకుంటే శాస్త్రీయమైన ప్రమాద అంచనా చూపించాలి. శాస్త్రీయ ఆధారం చాలనప్పుడు తాత్కాలిక నియమం పెట్టుకోవచ్చు గానీ, ఆధారాలు సేకరిస్తూ తగిన సమయంలో దాన్ని తిరిగి పరిశీలించాలి.

మరి కొనుగోలు చేసే దేశం ఇంకా కఠినంగా అడిగితే ఏం చేయాలి? ఉదాహరణకు, ఇంకా శుద్ధి చేయాల్సిన వేరుశనగలో మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 15 మైక్రోగ్రాముల వరకూ కోడెక్స్ ఒప్పుకుంటుంది. నేరుగా తినే వేరుశనగకు యూరోపియన్ యూనియన్ పెట్టిన పరిమితి 4 మాత్రమే. ఈ 4ను రేపటి నుంచే దేశమంతటా చట్టం చేసేద్దాం అనే ఉత్సాహం రావచ్చు. ఆరబెట్టే చోట్లు, గోదాములు, ల్యాబ్‌లు లేకుండా అలా చేస్తే ఆ చట్టాన్ని ఎవరూ పాటించలేరు, తనిఖీ అధికారికి లంచం అడిగే సందు మాత్రం దొరుకుతుంది. దేశీయ పరిమితిని కోడెక్స్ దగ్గర పెట్టి నిజంగా అమలు చేయండి. ఎగుమతి మార్కెట్ల పరిమితులను విడిగా పట్టికగా వేసి, ఏటా సరిచూసి, రైతు సంఘాలకు వాళ్ల భాషలో పంపండి. ఫలానా సంవత్సరానికి దేశీయ పరిమితిని ఎంతకు తగ్గిస్తారో కూడా విధానంలోనే రాసేయండి.

4. చట్టంలో ఈ ఐదూ ఉన్నాయో లేదో చూసుకోండి

సురక్షితమైన ఆహారం అమ్మే మొదటి బాధ్యత వ్యాపారిదే అన్న స్పష్టమైన వాక్యం. కోర్టు ఉత్తర్వు కోసం ఆగకుండా ప్రమాదకర సరుకును వెంటనే వెనక్కి రప్పించే అధికారం. ఎవరి దగ్గర కొన్నారో, ఎవరికి అమ్మారో రాసి ఉంచాలన్న నియమం, అంటే వెనక్కి ఒక అడుగు, ముందుకు ఒక అడుగు. తప్పును బయటపెట్టిన ఉద్యోగికి రక్షణ. పరీక్షల ఫలితాలను జనానికి చెప్పే అధికారం, చెప్పాల్సిన బాధ్యత.

తోపుడు బండి మీద అమ్ముకునేవాళ్లకూ పెద్ద ఫ్యాక్టరీకీ ఒకే ఫారం పెట్టకండి. చిన్నవాళ్లకు పేరు నమోదు, ఒక పూట శిక్షణ, శుభ్రమైన నీటి ఏర్పాటు సరిపోతాయి. నగరాల్లో పేదవాళ్ల కడుపు నింపేది వాళ్లే. వాళ్లను చట్టం బయటకు నెట్టేస్తే ప్రమాదం ఎటూ పోదు, మీ కంటికి కనబడటం మానేస్తుంది అంతే.

5. జబ్బు పుట్టే చోటికి వెళ్లండి

సరుకు తయారయ్యాక పట్టుకోవడం కంటే పాడయ్యే చోటే ఆపడం చవక. 2004లో కెన్యాలో తడి ఆరకుండా నిల్వచేసిన మొక్కజొన్న తిని, అఫ్లాటాక్సిన్ విషంతో 317 మంది జబ్బుపడ్డారు, 125 మంది చనిపోయారు. ఇళ్లలో దాచుకున్న తిండి గింజలవి. ఏ రేవులో ఎంత గట్టి తనిఖీ పెట్టినా వాళ్లను కాపాడగలిగేది కాదు. ఎండబెట్టే టార్పాలిన్లు, తేమ కొలిచే మీటర్లు, గాలాడే గోదాములు ఆ పని చేస్తాయి. విధానంలో వాటికి బడ్జెట్ వరస ఉండాలి.

మంచి ఉదాహరణ బంగ్లాదేశ్‌ది. పసుపు కొమ్ములకు మెరుపు రావడానికి సీసం ఉన్న లెడ్ క్రోమేట్ రంగు పూస్తున్నారని పరిశోధకులు తేల్చారు. అక్కడి ఫుడ్ సేఫ్టీ అధికారులు సీసం వల్ల ఏం జరుగుతుందో ప్రజలకు చెప్పారు, టోకు మార్కెట్‌కు వెళ్లి చేతిలో పట్టుకునే ఎక్స్‌రే పరికరంతో అక్కడికక్కడే పరీక్షించారు, దొరికినవాళ్లకు జరిమానా వేశారు. మార్కెట్ నమూనాల్లో సీసం ఉన్నవి 2019లో 47 శాతం. 2021 నాటికి సున్నా. ఒకే ప్రమాదం, అది కలిసే ఒకే చోటు, వెంటనే పరీక్ష, బహిరంగంగా శిక్ష. ఈ వరసనే మీ జాబితాలో మొదటి అంశానికి వాడి చూడండి.

ఫ్యాక్టరీలకైతే హ్యాసప్ పద్ధతి ఉండనే ఉంది. 1960లలో వ్యోమగాముల ఆహారం కోసం పుట్టిన ఈ పద్ధతిలో, తయారీలో ఎక్కడ తప్పు జరిగితే ప్రమాదమో ముందే గుర్తించి అక్కడ కొలతలు పెడతారు. అయితే ముందు నేల, నీళ్లు, చేతులు శుభ్రంగా ఉండాలి. ఆ ప్రాథమిక పరిశుభ్రత లేనిచోట హ్యాసప్ ఫైళ్లు అడిగితే మీకు ఫైళ్లే వస్తాయి.

6. తనిఖీలను ప్రమాదాన్ని బట్టి పంచండి

అందరినీ ఏడాదికోసారి చూడటం న్యాయంగా కనిపిస్తుంది గానీ వృథా. పచ్చి మాంసం, పాలు, పసిపిల్లల ఆహారం, వండకుండా నేరుగా తినేవి తయారుచేసే చోట్లకు తరచూ వెళ్లాలి. బిస్కెట్ల ఫ్యాక్టరీకి అంత అవసరం లేదు. గత తనిఖీల్లో తప్పులు దొరికినచోటికి త్వరగా తిరిగి వెళ్లాలి. తనిఖీ అధికారులను ప్రాంతాలు మారుస్తూ ఉండండి, ఫలితాలను దుకాణం గుమ్మం మీదే అతికించండి.

7. శాంపిల్ దగ్గర మోసపోకండి

ఎక్కువ విధానాలు బలహీనపడేది ఇక్కడే. ఖరీదైన యంత్రాలు కొంటారు, సంచిలోంచి గుప్పెడు గింజలు తీసి పంపుతారు. అఫ్లాటాక్సిన్ సరుకంతా సమంగా ఉండదు. వేల గింజల్లో ఏ కొన్నింటిలోనో చాలా ఎక్కువగా ఉంటుంది. అందుకే వేరుశనగకు కోడెక్స్ 20 కిలోల నమూనా అడుగుతుంది, సరుకులోని చాలా చోట్ల నుంచి కొంచెం కొంచెం తీసి కలిపి. గుప్పెడుతో వచ్చిన "పాస్" కాగితానికి విలువ లేదు. అదే సరుకు అవతలి రేవులో ఫెయిల్ అయితే "మా ల్యాబ్ పాస్ చేసింది కదా" అని వాదించడం వల్ల ఉపయోగం లేదు.

సూక్ష్మజీవుల లెక్క కూడా చూడండి. ఒక బ్యాచ్‌లో నూటికి 5 ప్యాకెట్లు కలుషితమై ఉన్నాయనుకుందాం. 5 ప్యాకెట్లు తీసి పరీక్షిస్తే, నూటికి 77 సార్లు ఆ బ్యాచ్ శుభ్రంగా ఉందనే ఫలితం వస్తుంది. ఆ తప్పు నూటికి 5 సార్ల లోపుకు తగ్గాలంటే కనీసం 59 ప్యాకెట్లు పరీక్షించాలి. కాబట్టి పరీక్ష అనేది నియంత్రణ సరిగా జరుగుతోందో లేదో చూసుకోవడానికే. నియంత్రణ బదులు పరీక్ష పెట్టుకోవడం కుదరదు.

ఇంకో జాగ్రత్త. మీరు ఏం కొలుస్తున్నారో మోసగాడికీ తెలుసు. 2008లో చైనాలో నీళ్లు కలిపిన పాలలో మెలమైన్ అనే పారిశ్రామిక రసాయనం కలిపారని బయటపడింది. మామూలు ప్రోటీన్ పరీక్ష నిజానికి నత్రజనిని కొలుస్తుంది, మెలమైన్‌లో నత్రజని పుష్కలం. కాగితం మీద పాలు చిక్కగా కనిపించాయి, దాదాపు మూడు లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు పసివాళ్లు చనిపోయారు. చాలా దేశాలు చైనా పాల ఉత్పత్తులను ఆపేశాయి. తనిఖీ పట్టికలో ఏటా కొన్ని అనూహ్యమైన పరీక్షలు కలపండి. ఏం వెతుకుతున్నారో ముందుగా ఎవరికీ చెప్పకండి.

ల్యాబ్‌లకు ఐఎస్ఓ 17025 గుర్తింపు (ల్యాబ్ సామర్థ్యానికి అంతర్జాతీయ ప్రమాణం) తప్పనిసరి చేయండి. అది లేకపోతే మీ ఫలితాన్ని విదేశాలు లెక్కచేయవు. జిల్లాకో ల్యాబ్ కట్టే స్తోమత లేకపోతే రెండు మంచి ల్యాబ్‌లు, వాటికి శాంపిల్ చెడకుండా చేర్చే చల్లని రవాణా చాలు. అరుదైన పరీక్షలకు పొరుగు దేశపు ల్యాబ్‌తో ఒప్పందం చేసుకోండి.

8. ఉపద్రవం వచ్చిన రోజున ఎవరు మాట్లాడాలో ఇప్పుడే రాయండి

2011లో జర్మనీలో ఈ.కోలి అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే వ్యాధి ప్రబలింది. 50 మందికి పైగా చనిపోయారు. మొదట్లో స్పెయిన్ దోసకాయలే కారణమని అధికారులు ప్రకటించారు. వాటి మీద దొరికిన క్రిమి వేరే రకమని కొద్ది రోజుల్లోనే తేలింది. ఆలోపే దేశదేశాల్లో కొనేవాళ్లు లేక కూరగాయలు పొలాల్లోనే కుళ్లిపోయాయి. యూరోపియన్ యూనియన్ రైతులకు 20 కోట్ల యూరోలకు పైగా పరిహారం ఇవ్వాల్సివచ్చింది. చివరికి తేలింది మొలకలు. మొలకెత్తించడానికి ఈజిప్టు నుంచి వచ్చిన మెంతుల బ్యాచ్ దగ్గరే జాడలు కలిశాయి. జబ్బుపడినవాళ్లు ఏం తిన్నారో ఓపికగా అడిగి, ఎక్కడెక్కడ కొన్నారో వెనక్కి వెతుక్కుంటూ వెళ్లడం వల్లే అది బయటపడింది.

అలాగని నోరు మూసుకుని కూర్చోవడమూ తప్పే. దక్షిణాఫ్రికాలో 2017, 2018ల్లో లిస్టీరియా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే వ్యాధి వెయ్యి మందికి పైగా సోకింది, 200 మందికి పైగా చనిపోయారు. 2017 డిసెంబరు దాకా అది ఆసుపత్రులు తప్పనిసరిగా నివేదించాల్సిన జబ్బుల జాబితాలోనే లేదు. మూలం నేరుగా తినే మాంసం ఉత్పత్తి అని 2018 మార్చిలో ప్రకటించగానే కొన్ని పొరుగు దేశాలు దిగుమతులు ఆపేశాయి. మీ దేశంలో తప్పనిసరిగా నివేదించాల్సిన జబ్బుల జాబితాను ఈ వారమే తీసి చూడండి.

విధానంలో రాయాల్సినవి: నిర్ణయం తీసుకునే ఒకే ఒక్క అధికారి హోదా, ఆయన లేనప్పుడు ఎవరు, రాత్రిపూట కూడా పలికే ఫోన్, సరుకును వెనక్కి రప్పించే (రీకాల్) నోటీసు నమూనా, అంతర్జాతీయ సమాచార వ్యవస్థ ఇన్ఫోసాన్‌లో మీ దేశపు సంప్రదింపు అధికారి. మాట్లాడేటప్పుడు తేలింది ఏమిటి, ఇంకా తేలనిది ఏమిటి, ప్రజలు ఈలోపు ఏం చేయాలి అన్న మూడూ విడివిడిగా చెప్పాలి.

9. ఎగుమతి కాగితాలు, నోటిఫికేషన్లు

పై ఎనిమిదీ సరిగా జరిగితే ఇది తేలికే. ఎస్‌పీఎస్ ఒప్పందం కింద ప్రశ్నలకు జవాబిచ్చే విచారణ కేంద్రం ఉండాలి. ఇతర దేశాలు కొత్త నియమం ప్రతిపాదిస్తే అభ్యంతరాలకు మామూలుగా 60 రోజులు ఇస్తాయి. ఆ గడువులోపు మీ ఎగుమతిదారులకు కబురు చేరిందా? చాలాచోట్ల నోటిఫికేషన్ ఇన్‌బాక్స్‌లోనే ఉండిపోతుంది, సరుకు రేవులో ఆగినప్పుడే సంగతి తెలుస్తుంది. మీ నియంత్రణ పద్ధతి వేరైనా ఫలితం సమానమని చూపించగలిగితే "సమానత్వ" గుర్తింపు అడిగే హక్కు కూడా ఆ ఒప్పందంలో ఉంది.

10. ప్రతి అడుగు పక్కనా డబ్బు, తేదీ

లైసెన్సు రుసుములతోనే సంస్థ నడవాలని పెట్టకండి, తను నియంత్రించాల్సినవాళ్ల మీదే ఆధారపడాల్సివస్తుంది. కోశాగారం నుంచి స్థిరమైన కేటాయింపు అడగండి. అడిగేటప్పుడు రెండో అడుగులో గీసిన పట్టికనే ఆర్థిక శాఖ ముందు పెట్టండి.

పనిచేస్తోందో లేదో ఎలా చూడాలి

మొదటి ఏడాది నమోదైన కేసులు పెరిగితే భయపడకండి. అప్పటిదాకా లెక్కకు రానివి ఇప్పుడు వస్తున్నాయి. కేసులు అసలు పెరగకపోతేనే నిఘా పనిచేయడం లేదేమో అని అనుమానించాలి.

ఏదైనా దుకాణంలో ఒక ప్యాకెట్ కొని, దాని ముడిసరుకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమని అధికారులను అడగండి. గంటల్లో జవాబు రావాలి. వారం పడితే నాలుగో అడుగుకు వెనక్కి వెళ్లండి. కల్తీ ఎంతుందో మీకు ముందే తెలిసిన నమూనాలను, పేరు చెప్పకుండా, అన్ని ల్యాబ్‌లకూ పంపండి. జవాబులు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తే ఆ ల్యాబ్‌ల పాస్ కాగితాలన్నింటినీ మళ్లీ చూడాల్సిందే.

"ఇన్ని తనిఖీలు చేశాం, ఇన్ని జరిమానాలు వేశాం" అనే లెక్కలతో తృప్తిపడకండి. మార్కెట్ నమూనాల్లో ప్రమాదం తగ్గిందా అన్నదే కొలత.

చివరి పరీక్ష అన్నిటికంటే కఠినమైనది. ఈ ఏడాది విదేశం నుంచి వెనక్కి వచ్చిన, లేదా ఎగుమతి పరీక్షలో తప్పిన సరుకుల్లో పదింటిని ఎంచుకోండి. ప్రతిదాని వెనుకా కాగితాలు పట్టుకుని వెళ్లండి: ఏ గోదాముకు చేరింది, ఎవరు కొన్నారు, నాశనం చేస్తే సాక్షి ఎవరు, పశువుల దాణాకు వెళితే ఎవరు అనుమతించారు. పదింటిలో ఒక్కటైనా ఏ కాగితమూ లేకుండా దేశీయ మార్కెట్‌లోకి జారిపోయిందని తేలితే, ఎగుమతి అంకెలు ఎంత బాగున్నా సరే, ముసాయిదాను మళ్లీ బల్ల మీద పెట్టి ఆ సందు మూసే నియమం రాయండి.